క్రియ పాఠం కూర్చోవడంతో మొదలుపెట్టండి

కృత్రిమ భాష అనగానే చాలామంది పెదవి విరుస్తారు. ఒక మనిషి కల్పించిన భాషలో సత్తా ఏముంటుందంటారు. బడిలో తెలుగు వ్యాకరణం చెప్పినవాడిగా నా మాట వేరు. క్రియ ఎలా పనిచేస్తుందో పిల్లలకు చూపించడానికి ఎస్పరాంటో అనే కృత్రిమ భాషలోని 'కూర్చోవడం' కంటే తేటైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ భాషను రూపొందించిన జామెన్‌హాఫ్ కంటి వైద్యుడు. ఆయన పుట్టిన బియాలిస్టోక్‌లో రష్యన్, పోలిష్, జర్మన్, యిడ్డిష్ మాట్లాడేవాళ్లు పక్కపక్కనే ఉన్నా ఒకరికొకరు పరాయివాళ్లే. అందరికీ సులువుగా పట్టుబడే భాష కావాలని 1887లో వార్సాలో తొలి పుస్తకం అచ్చువేయించాడు. ఆ భాషలో నియమం తప్పే క్రియ ఒక్కటీ లేదు.

'సీదస్' అంటే కూర్చుని ఉన్నాడు. అది స్థితి. ధాతువుకు 'ఇజ్' చేర్చి 'సిదీజిస్' అంటే, నిలబడ్డవాడు కూర్చున్నాడు. అది మార్పు. 'ఇగ్' చేర్చి 'సిదీగిస్' అంటే, మరొకరిని కూర్చోబెట్టాడు. నిలబడడానికి 'స్తార్', పడుకోవడానికి 'కూష్' ధాతువులు. వాటికీ ఇవే ప్రత్యయాలు. మూడు ధాతువులు, రెండు ప్రత్యయాలు తెలిస్తే తొమ్మిది క్రియలు చేతికొచ్చినట్టే.

ఇప్పుడు మన ఇంటికి రండి. గుమ్మంలో నిలబడ్డ చుట్టాన్ని "కూర్చోండి" అంటాం. మనల్ని చూసి లేవబోయిన పెద్దాయన్నీ "కూర్చోండి, కూర్చోండి" అనే వారిస్తాం. ఎస్పరాంటోలో చుట్టానికి 'సిదీజు', పెద్దాయనకు 'సీదు' అనాలి. "ఆయన అరుగు మీద కూర్చున్నాడు" అన్నా అంతే: ఇప్పుడే కూర్చున్నాడా, ఇంకా కూర్చునే ఉన్నాడా అన్నది సందర్భాన్నిబట్టే తెలుస్తుంది. ఇది తెలుగుకు లోటు కాదు. తేడా చెప్పాల్సినచోట "కూర్చుని ఉన్నాడు" అని మనకూ ఉంది. ప్రేరణార్థకంలోనైతే కూర్చోబెట్టు, పడుకోబెట్టు, నిలబెట్టు అని చక్కటి వరసే ఉంది. రోజూ నోట్లో నానే ఈ వరసను పిల్లలు గమనించకుండానే పై తరగతికి వెళ్లిపోతున్నారు. అదే నా బాధ.

ప్రేరణార్థక క్రియ నిర్వచనాన్ని మార్కుల కోసం బట్టీ పట్టించడం మానుదాం. తెలుగు ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. ఒక పిల్లవాణ్ణి లేపి నిలబెట్టండి, కూర్చోమనండి, పక్కవాడిచేత కూర్చోబెట్టించండి. జరిగిందేమిటో వాళ్లచేతే బోర్డు మీద రాయించండి. నిర్వచనం ఆ తరవాత చెప్పినా ఆలస్యమేమీ కాదు.