పొట్ట పెద్దది, ప్యాకెట్ మీద అక్షరం చిన్నది

ఏ ఊరి కిరాణా కొట్టయినా సరే, ఓసారి బయట నిలబడి చూడండి. పప్పులు, బెల్లం, చింతపండు వెనక అరల్లోకి వెళ్లిపోయాయి. ముందువరసలో ఇనప కొక్కేలకు సరాలు సరాలుగా వేలాడేవి చిప్స్, కుర్కురేలు, మసాలా బఠాణీలు, చాక్లెట్ పూత పూసిన వేఫర్లు. ఐదు రూపాయలవి కొన్ని, పది రూపాయలవి కొన్ని. సరం చివరి ప్యాకెట్ సరిగ్గా అంగన్‌వాడీ పిల్లాడి చేతికి అందే ఎత్తులో ఉంటుంది. నూనె ధర పెరిగినా, పిండి ధర పెరిగినా దాని మీది ఐదు రూపాయల అంకె మారదు. లోపలి గ్రాములు తగ్గుతాయి. తాతయ్య మనవడి చేతిలో పెట్టేది ఐదు రూపాయల బిళ్లేనని కంపెనీకి బాగా తెలుసు.

లావెక్కిన మనిషి కనిపిస్తే సలహాలు చెప్పేవాళ్లకు మన దగ్గర లోటు లేదు. నోరు కట్టుకో, పొద్దున్నే లేచి నడువు, రాత్రికి అన్నం మానేసి రెండు జొన్నరొట్టెలు తిను. అవన్నీ పనికొచ్చే మాటలే. కానీ ఇరవై ఏళ్లలో ఊళ్లకు ఊళ్లు ఒక్కసారిగా నోటి మీద అదుపు పోగొట్టుకున్నాయంటే నమ్మేలా ఉందా? తినేవాడి నాలుక ఎప్పటిదే. దాని చుట్టూ ఉన్న బజారు మారింది. తప్పంతా తినేవాడి మీద వేసి అమ్మేవాడిని వదిలేయడం మనకు అలవాటైపోయింది. ఈ వారం నా గొడవ దాని గురించే.

ముందు లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం మంది మహిళలు ఉండాల్సిన బరువు కన్నా ఎక్కువున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. తెలంగాణ మగవాళ్లలో 32.3 శాతం. అదే సర్వేలో ఆంధ్ర మహిళల్లో 58.8 శాతం మందికి, తెలంగాణ మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత. ఒంటికి కొవ్వు పడుతోంది, రక్తం పట్టడం లేదు. కాబట్టి దీన్ని తిండి ఎక్కువైన జబ్బు అనడానికి వీల్లేదు. కడుపు నిండుతోంది గానీ ఒంటికి కావలసింది అందడం లేదు.

పాతరోజుల్లో అందరూ దుక్కల్లా ఉండేవాళ్లన్న మాట నేను ఒప్పుకోను. చాలామంది ఆకలితో ఉండేవాళ్లు. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం అంటే ఇంటింటా దీపం వెలిగినట్టయిందంటే, అంతకుముందు పొయ్యి సరిగ్గా వెలగని ఇళ్లు అన్ని ఉన్నాయి కాబట్టే. ఆ బియ్యం మనల్ని బతికించింది. తర్వాత జరిగింది వేరు. నాట్లు, కలుపు, కోత, మోత ఒక్కొక్కటీ యంత్రాలకు పోయాయి. ఇంట్లో రోలు, తిరగలి మూలన పడ్డాయి. కావిడి స్థానంలో మోటారు వచ్చింది. ఈ సుఖాన్ని తప్పుపట్టేవాడు వెళ్లి వారం రోజులు నీళ్లు మోసి చూడాలి. అయితే ఒంటికి ఖర్చు తగ్గినా కంచంలో అన్నం తగ్గలేదు. పైగా ఆ అన్నం తెల్లబడింది. 1986లో బాపట్లలో రూపుదిద్దుకుని బయటికొచ్చిన సాంబ మసూరి సన్నబియ్యం మన అలవాటుని ఎంత మార్చిందంటే, దంపుడు బియ్యం అంటే ఇప్పుడు షుగరొచ్చిన వాళ్ల తిండి. మిల్లులో పాలిష్ పట్టేకొద్దీ తవుడు, దాంతోపాటు పీచు, బి విటమిన్లు పోతాయి. మనదేశపు ఆహారం ఇచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి పెద్ద సర్వే 2025లో తేల్చింది. ఆ పక్కన ఉండాల్సిన పప్పు, గుడ్డు, కూర మాత్రం గరిటెడు దగ్గరే ఆగాయి.

మన ఒళ్లకు ఇంకో తిరకాసు ఉంది. పుణే వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు బరువెంతో చెప్పే లెక్క, ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడ్డానికి బక్కగా ఉండి లోపల కొవ్వు దాచుకునే శరీరం మనది. అందుకే మన వైద్యులు బీఎంఐ 23 దాటగానే హెచ్చరిస్తారు, 25 దాటితే ఊబకాయం అంటారు. నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ప్రమాదం మొదలైనట్టే. 90 అంటే 36 అంగుళాలు కూడా కాదు. “నాకేం, సన్నగానే ఉన్నాగా” అంటూ చొక్కా కింద బొజ్జ దాచుకునే నా ఈడు మిత్రులు ఈ అంకె ఓసారి టేపుతో సరిచూసుకోవాలి.

అన్నం సంగతి ఇంత చెప్పినా, అసలు దొంగ అన్నం కాదని నా అనుమానం. రెండు భోజనాల మధ్య ఒకప్పుడు ఖాళీ ఉండేది. సాయంత్రం గుప్పెడు మరమరాలో, పల్లీలో, పండక్కి చేసి డబ్బాలో దాచిన సకినాలో, జంతికలో నోట్లో పడేవి. డబ్బా అయిపోతే మళ్లీ పండగ దాకా లేదు. ఆ ఖాళీలోకి ప్యాకెట్ వచ్చి కూర్చుంది. ఈ డబ్బా అడుగంటదు. బయటి తిండి తినాలంటే చొక్కా తొడుక్కుని హోటలుకు వెళ్లాల్సిన రోజులు పోయి, లుంగీ మీద తలుపు తీస్తే బిర్యానీ చేతికొచ్చే రోజులొచ్చాయి. రాత్రి పన్నెండింటికి కూడా. హైదరాబాద్‌లో అమెరికా వేళల్లో పనిచేసే పిల్లలకు పొద్దు, రాత్రి తేడా ఎటూ లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. నూటికి 71 మంది ఊబకాయులు.

ప్యాకెట్ తిండి మనిషి చేత ఎక్కువ తినిపిస్తుందా, లేక తిండిపోతులే దాన్ని ఎంచుకుంటారా? ఈ ప్రశ్నకు అమెరికాలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త 2019లో ఓ తమాషా ప్రయోగంతో జవాబు చెప్పాడు. 20 మందిని నాలుగు వారాలు ఆసుపత్రిలోనే ఉంచాడు. రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి. ముందు పెట్టిన కంచాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు అన్నీ సమానమే. ఎవరికి ఎంత కావాలంటే అంత తినొచ్చు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగానూ తిన్నారు. రెండు వారాల్లో కిలోకు కాస్త తక్కువ బరువు పెరిగారు. వండిన తిండికి మారగానే అంతే తగ్గారు. మనుషులు వాళ్లే, నోళ్లు వాళ్లవే. వాళ్ల మనోబలం రెండు వారాలకోసారి మారిపోయిందని ఎవరైనా వాదిస్తే నేను చేసేదేం లేదు. నమలక్కర్లేకుండా కరిగిపోయే తిండి, చాలు అని కడుపు చెప్పేలోపే గొంతు దిగిపోతుంది. అలా దిగిపోవడానికే దాన్ని తయారు చేస్తారు.

ఈ మధ్యలో మనకు గురువులు కూడా దొరికారు. ఒకాయన ఉప్పూ నూనే మానమన్నారు. ఇంకొకాయన అన్నం మాని కొబ్బరినూనె తాగమన్నారు. మరొకాయన కొర్రలు, అండుకొర్రలు తినమన్నారు. తెలుగునాట ప్రతి ఇంట్లో అన్నదమ్ములిద్దరు చెరో గురువు పక్షం చేరి పెళ్లి పందిట్లో వాదించుకోవడం నేను కళ్లారా చూశాను. ఒకాయన మాట విని బరువు తగ్గినవాళ్లున్నారు, రెండేళ్లలో మళ్లీ పెరిగినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు బరువు తగ్గించే సూది మందులొచ్చాయి. మౌంజారో, వెగోవీ రెండూ 2025లోనే మన మార్కెట్‌కి వచ్చాయి. నిజంగా అవసరమైన రోగికి అవి వరమే. కానీ గురువైనా, సూదైనా ఒక్కొక్క మనిషినీ విడివిడిగా బాగు చేసే ఏర్పాట్లు. కొట్టు ముందు సరాలు వేలాడుతూనే ఉంటాయి.

మరి సర్కారు ఏం చేస్తోంది? 2025 ఫిబ్రవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో వంటనూనె పది శాతం తగ్గించుకోమన్నారు. మంచిమాటే. అంతకు కొన్ని రోజుల ముందే, జనవరి 31న పార్లమెంటు ముందు పెట్టిన ఆర్థిక సర్వే ఇంకా ముందుకెళ్లి, ఈ ఫ్యాక్టరీ తిండి మీద ఎక్కువ పన్ను వేసే ఆలోచన చేయాలంది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీముల మీద 18 శాతం ఉన్న పన్ను 5కు దిగింది. ప్యాకెట్ మిక్చర్ల మీద 12 నుంచి 5కు. చక్కెర కూల్‌డ్రింకులను మాత్రం 40 శాతంలో ఉంచారు, అందుకు సంతోషిద్దాం. ఇంట్లో పోపులో నూనె తగ్గించమని అమ్మలకు చెప్పిన ఏడాదే, నూనెలో మునిగి తేలిన మిక్చర్‌ను చవక చేశారు. ఈ రెండు ఫైళ్లూ ఏ బల్ల మీదా కలుసుకోలేదా?

పన్ను మాట అలా ఉంచి, కనీసం ఏం కొంటున్నామో తెలిసే హక్కన్నా ఉండాలి కదా. దానికీ మన హైదరాబాద్‌లోనే ఒక కథ జరిగింది. విరేచనాలతో నీరసించిన పిల్లలకు ఓఆర్‌ఎస్ అని నమ్మి తల్లులు తాగిస్తున్నవి చక్కెర పానీయాలని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గమనించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు. ఆ డబ్బాల్లో తీపి దానికి ఎన్నో రెట్లు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. అయినా పేరులో ఓఆర్‌ఎస్ అని పెద్దక్షరాలతో ఉండేది, అమ్మింది మందుల షాపులో. ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదు’ అన్న వాక్యం మాత్రం పక్కన చిన్న అక్షరాల్లో. 2022లో ఆహార భద్రతా సంస్థే ఆ చిన్న వాక్యం సరిపోతుందని అనుమతిచ్చింది. ఆమె దాదాపు ఎనిమిదేళ్లు కోర్టుల చుట్టూ, కార్యాలయాల చుట్టూ తిరిగితే, 2025 అక్టోబరు 14న ఆ అనుమతి రద్దయింది. ఒక్క మాట తీయించడానికి ఒక డాక్టరుకు ఎనిమిదేళ్లు పట్టింది.

మిగతా ప్యాకెట్ల సంగతి ఇంకా తేలలేదు. 2022లో మన ఆహార భద్రతా సంస్థ ప్యాకెట్ ముందువైపు నక్షత్రాలు ముద్రించాలని ముసాయిదా తెచ్చింది. అర నుంచి ఐదు దాకా. చిప్స్ ప్యాకెట్ మీద ఒకటిన్నర నక్షత్రం చూసిన అమ్మ అది ప్రమాదం అనుకుంటుందా, సినిమా రేటింగులా ఏదో బహుమతి అనుకుంటుందా? 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో ఈ సంగతి తేల్చమంటే, ఆ గడువునూ పొడిగించారు. చిలీ దేశం 2016లోనే ఈ పని చేసేసింది. ప్యాకెట్ ముందువైపు నల్లటి ఎనిమిది పలకల గుర్తు, అందులో ‘చక్కెర ఎక్కువ’, ‘ఉప్పు ఎక్కువ’ అని రెండే ముక్కలు. అలాంటి సరుకు బడిలో అమ్మకూడదు, దాని మీద పిల్లల్ని లాగే బొమ్మలు వేయకూడదు. ఏడాదిన్నరలో అక్కడ తీపి పానీయాల కొనుగోళ్లు నాలుగో వంతు దాకా తగ్గాయి. కంపెనీలేమీ మూతపడలేదు. చాలా కంపెనీలు గుర్తు తప్పించుకోవడానికి చక్కెర తగ్గించాయి.

ఇవాళ ఇంట్లో ఉన్న ఏదో ఒక ప్యాకెట్ తిప్పి చూడండి. కేలరీలు ఎన్నని రాశారో వెతకండి. అంకె చిన్నగా కనబడితే సంతోషపడకుండా పక్కనే ఉన్న ‘ఒక వడ్డింపుకి’ అన్న ముక్క చదవండి. ప్యాకెట్‌లో అలాంటి వడ్డింపులు ఎన్ని ఉన్నాయో లెక్క కట్టండి. పెద్దలకు రోజు మొత్తానికి చక్కెర 25 గ్రాములు దాటకూడదని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో ఉండేది 30 గ్రాములకు అటూ ఇటూ. ఈ లెక్కంతా ఇంగ్లిష్ చదవగలిగిన మనకు. చట్టం ప్రకారం లేబుల్ మీద వివరాలు ఇంగ్లిష్‌లోనో, దేవనాగరి హిందీలోనో ఉంటే చాలు. మనవడికి ఐదు రూపాయలిచ్చి కొట్టుకు పంపే నాయనమ్మకు ఆ రెండూ రావు. ప్యాకెట్ మీది బొమ్మలో కనిపించే హీరో మాత్రం ప్రకటనల్లో ఆమెతో తెలుగులోనే మాట్లాడతాడు.

అందుకే అడగాల్సింది ఒక్కటే. ముందువైపున, పెద్ద అక్షరాల్లో, తెలుగులో కూడా హెచ్చరిక ఉండాలి. రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. మీ ఎంపీ ఎవరో మీకు తెలుసు. లేబుల్ గడువు ఎందుకు జరుగుతోందో, తెలుగు ఎందుకు తప్పనిసరి కాదో పార్లమెంటు సమావేశాల్లో సంబంధిత మంత్రిని అడగమని ఆయనకు ఒక ఉత్తరం రాయండి.