చదివే యంత్రాన్నే నిలదీసే పాస్‌పోర్టు

బేగంపేట పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఏ, బీ, సీ కౌంటర్లు దాటినవారికి ఇప్పుడు ఇంటికి వస్తున్నది ఈ-పాస్‌పోర్టు. దేశంలో 2024 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలైన వీటి జారీ 2025 నాటికి హైదరాబాద్‌కూ వచ్చింది. ముందు అట్ట మీద బంగారు రంగులో చిన్న గుర్తు, లోపల చిప్, యాంటెన్నా ఉంటాయి. చిప్‌కు బ్యాటరీ ఉండదు. రీడర్ దగ్గరికి రాగానే దాని రేడియో తరంగాల నుంచే శక్తి తీసుకుని పనిచేస్తుంది. అలా శక్తి ఇచ్చిన యంత్రానికి కూడా అడగ్గానే వివరాలు అప్పగించదు. ముందు నువ్వెవరో రుజువు చేసుకోమంటుంది.

ఈ పరీక్షల పద్ధతిని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 9303 నంబరు పత్రంలో నిర్దేశించింది. మొదటి పరీక్షకు తాళంచెవి పాస్‌పోర్టు మీదే అచ్చయి ఉంటుంది. ఫొటో ఉన్న పేజీ అడుగున బాణం గుర్తులతో నిండిన రెండు వరుసల్లోని పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ కలిపి రీడర్ తాళంచెవిని లెక్కగడుతుంది. చిప్ ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. దాన్ని ఆ తాళంచెవితో సరిగ్గా గుప్తీకరించి తిప్పి పంపిన రీడర్‌తోనే మాట కలుపుతుంది. అంటే పాస్‌పోర్టు తెరిచి అధికారి చేతికి ఇస్తే తప్ప, జేబులో ఉన్నదాన్ని పక్కన నిలబడినవాడు చదవలేడు.

బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఈ మూడు వివరాలూ అసలు రహస్యాలే కావు. అమీర్‌పేట జిరాక్సు షాపులో, పంజాగుట్ట ట్రావెల్ ఏజెంటు దగ్గర, హోటల్ కౌంటర్లో తీసిన ప్రతి నకలుతో పాటు తాళంచెవీ వెళ్లిపోతుంది. నకలు చేజిక్కినవారు రీడర్‌కూ చిప్‌కూ మధ్య సాగిన సంభాషణను రికార్డు చేసి ఉంటే, తర్వాత తీరిగ్గా విప్పి చదవగలరు. నకలు లేకపోయినా ఊహించే వీలుంది. నెదర్లాండ్స్‌లో పాస్‌పోర్టు నంబర్లు వరుసగా ఇవ్వడంతో నంబరుకూ గడువు తేదీకీ పొంతన కుదిరి, ఆ సంభాషణను కొద్ది గంటల్లోనే ఛేదించవచ్చని 2005-06లో భద్రతా పరిశోధకులు చూపించారు. తర్వాత వచ్చిన పేస్ అనే పద్ధతి ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. అందులో అచ్చయిన వివరాలు పరిచయానికే పనికొస్తాయి. సంభాషణను గుప్తీకరించే తాళంచెవిని ఇరుపక్షాలూ ప్రతిసారీ కొత్తగా తయారుచేసుకుంటాయి. ఇది వచ్చాక కూడా ఫొటో పేజీ నకలును అడిగినవారికల్లా ఇవ్వడం మంచిది కాదు.

వేలిముద్రల వంటి సున్నితమైన సమాచారం ఉన్న చిప్‌లకు ఇంకో కఠిన పరీక్ష పెట్టవచ్చు. రీడర్ తన సర్టిఫికెట్ చూపాలి. దాని మీది సంతకాల గొలుసు పాస్‌పోర్టు జారీచేసిన దేశం దాకా చేరుతోందా అని చిప్ సరిచూస్తుంది. ఆపైన మళ్లీ ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపి, రీడర్ దగ్గరున్న రహస్య తాళంచెవితో సంతకం చేయమంటుంది.

ఈ పరీక్షలో చిక్కల్లా తేదీతోనే. సర్టిఫికెట్ గడువు తీరిందో లేదో తేల్చాలంటే ఈనాటి తేదీ తెలియాలి. చిప్‌లో గడియారం లేదు. నమ్మదగిన సర్టిఫికెట్లలో తాను చివరగా చూసిన కొత్త తేదీనే ఈనాటి తేదీ అనుకుంటుంది. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న పాస్‌పోర్టుకు కాలం చివరి ప్రయాణం దగ్గరే ఆగిపోతుంది. దొంగిలించిన రీడర్ గడువు తీరిన సర్టిఫికెట్‌తో ఎదురైనా దాన్ని అసలైనదిగానే ఒప్పుకోవచ్చు. అందుకే రీడర్ల సర్టిఫికెట్లకు తక్కువ గడువు పెట్టి, తరచూ కొత్తవి ఇస్తారు. తరచూ ప్రయాణించేవారి చిప్ కొత్త తేదీ చూసిన వెంటనే పాత సర్టిఫికెట్‌ను తిరస్కరిస్తుంది. ఎప్పుడో ఒకసారి వెళ్లేవారి పాస్‌పోర్టుకు మాత్రం ఆ రక్షణ ఆలస్యంగా అందుతుంది.