తాబేలుకి తోడు

మా చెల్లెలి కూతురికి ఉద్యోగం దొరికిందని తెలిసి సంతోషించాను. ఏం ఉద్యోగమని అడిగాక కొంచెం ఆలోచించాను. పుష్యమాసం మొదలు చైత్రం దాకా అర్ధరాత్రి దాటాక భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున నడవాలట. తాబేళ్ళు గుడ్లు పెట్టిన చోట్లు వెతకాలట. ఆ గుడ్లు తీసి పదిలమైన చోట మళ్ళీ పాతాలట. జువాలజీలో బి.యస్సీ. చదివిన పిల్లకి అటవీశాఖవారి ఏర్పాటులో దొరికిన నాలుగు నెలల పని అది. శిక్షణ అని పేరు. చేతికొచ్చేది దారిఖర్చులు పోను ఒక మంచి చీరకి సరిపోదు.

"అన్నయ్యా, ఆడపిల్ల! రాత్రి రెండింటికి ఇసకలో తిరగడమేమిటి? పైగా తాబేళ్ళు!" అంది చెల్లెలు.

ఈ రెండో అభ్యంతరమే దానికి పెద్దది. తాబేలు దూరిన ఇంటినీ, కోర్టు అమీనా దూరిన ఇంటినీ మనవాళ్ళు ఒకే గాట కట్టేశారు. అదే చెల్లెలు ఏటా శ్రీకూర్మం వెళ్ళి కూర్మనాథస్వామికి దణ్ణం పెట్టుకుని వస్తుంది. గుళ్ళో ఉంటే దేవుడూ, గుమ్మంలోకొస్తే అపశకునమూనా అని అడిగాను. "నీ పాఠాలు కాలేజీలో చెప్పుకో. వీలైతే దానికి తోడు వెళ్ళు" అంది. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకు బతుకుతున్నవాణ్ణి, తాబేళ్ళకి తోడు వెళ్ళడం అలా తటస్థించింది.

ఆనందపురం వాళ్ళకి సముద్రం దగ్గరేగాని కంటికి కనబడదు. తెల్లవారకుండా మాకు వినిపించేది పూలబజారు సందడే. బంతిపూల మూటలతో ఆటోలు ఊళ్ళోకి వస్తుంటే, మఫ్లరు చుట్టుకుని నేనూ, వెనకాల టేపూ నోటుబుక్కూ పట్టుకుని మా అమ్మాయీ స్కూటరుమీద వాటికి ఎదురు వెళ్ళేవాళ్ళం.

మొదటి రాత్రే నేనొక ఘనకార్యం చేశాను. నీళ్ళలోంచి నల్లగా, బోర్లించిన అండాలాంటిది ఏదో పైకి పాకుతోంది. ఏమిటా అని టార్చి వేశాను. అది ఆగింది. చూస్తుండగానే వెనక్కి తిరిగి అలల్లో కలిసిపోయింది.

"ఏటి బాబూ, ఆ లైటు ఆర్పేయండి! అది సూసిందంటే ఎనక్కి ఎల్లిపోద్ది" అన్నాడు కాపలా ఉండే పల్లెకారు పెద్దాయన. అప్పటికే వెళ్ళిపోయింది. మా అమ్మాయి నన్నేమీ అనలేదు. టార్చి మాత్రం తీసుకుని తన సంచిలో వేసుకుంది. గుడ్లు దించుకుందామని వచ్చిన ప్రాణి బెదిరితే ఆ రాత్రికి మళ్ళీ రాకపోవచ్చునట. పురిటికొచ్చిన దాన్ని గుమ్మంలోంచి తోలేసినట్టయింది నా పని.

నాలుగో రాత్రికిగాని కళ్ళారా చూడలేదు. మన తీరానికి వచ్చేవి ఆలివ్ రిడ్లీ జాతి తాబేళ్ళు. నలభై కిలోల ఒళ్ళు ఈడ్చుకుంటూ, మధ్యమధ్య నిట్టూరుస్తూ పైకి వస్తుంది. వెనక కాళ్ళతోనే, కళ్ళతో చూడకుండా, కుండలాంటి గుంట తవ్వుతుంది. మెడ సన్నం, అడుగు వెడల్పు, లోతు అడుగున్నర. అందులో నూరూ నూట ఇరవై దాకా గుడ్లు పెడుతుంది, అచ్చం టేబుల్ టెన్నిస్ బంతుల్లా. ఇసక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపి దిమ్మిస కొట్టినట్టు కొట్టి, వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. ఒడ్డున మిగిలేది ట్రాక్టరు వెళ్ళినట్టు ఒక జాడ. పిల్లల మొహం అది చూడదు.

"మా సిన్నతనంలో ఆ గుడ్లు మేమూ తిన్నాం బాబూ. ఇప్పుడు మేమే కాపలా కాత్తన్నాం" అన్నాడు పెద్దాయన. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడవి ముట్టుకుంటే జైలే.

తాబేలు వెళ్ళాక మా అమ్మాయి పని మొదలయ్యేది. కొన్ని గంటల్లోగా గుడ్లు తీసేయాలి. ఏ గుడ్డు ఎలా ఉన్నది అలాగే పట్టుకోవాలి, దొర్లించకూడదు. లోపలి పిండం పై పెంకుకి అతుక్కుంటుందట. తర్వాత తిరగబడితే చచ్చిపోతుంది. తడకలు కట్టిన ఆవరణలో అదే లోతున అదే కుండ ఆకారంలో గుంట తీసి పాతి, నంబరూ తేదీ రాసిన చీటీ గుచ్చుతారు. ఏడెనిమిది వారాలకి పిల్లలు వస్తాయి. మగో ఆడో తేల్చేది ఇసక వేడి. చల్లగా ఉంటే మగవి ఎక్కువ, ఇరవైతొమ్మిది ముప్ఫై డిగ్రీలు దాటితే ఆడవి ఎక్కువ. ఈ సంగతి చెల్లెలికి చెప్పాను. "ఎండలు ముదిరితే అన్నీ ఆడపిల్లలేనా! కట్నాలు ఎవరివ్వగలరమ్మా!" అంది.

నవ్వాంగాని, ఆ మాట వెనకాల సంగతి ఉంది. మాఘమాసంలో విజయనగరం నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆదివారం ఉదయం చూడ్డానికి వస్తామన్నారు. రాత్రంతా ఇసకలో తిరిగితే మొహం పీక్కుపోతుందని చెల్లెలి బెంగ. శనివారం రాత్రి వెళ్ళొద్దని చెప్పవలసిన పని నామీద పడింది. "ఒక్క రాత్రికి ఏం మునిగిపోతుందమ్మా" అన్నాను. "సరే మావయ్యా" అంది.

మర్నాడు వాళ్ళొచ్చారు. కాఫీలయ్యాక పిల్లవాడి తల్లి, "ఏం చేస్తున్నావమ్మా?" అంది. మా అమ్మాయి ఏదీ దాచుకోకుండా గుంట లోతుతో సహా చెప్పింది. "రాత్రుళ్ళా?" అన్నదావిడ. ఇంకేమీ అడగలేదు. వెళ్ళి ఉత్తరం రాస్తామన్నవాళ్ళు ఇప్పటికీ రాయలేదు.

ఆ సాయంత్రం ఒడ్డుకి వెళ్ళాం. పెద్దాయన ఒక్కడే అంత దూరం నడవలేకపోయాడు. ఆ కొసన ఒక తాబేలు గుడ్లు పెట్టి వెళ్ళింది. అతను చూసేసరికి కుక్కలు తవ్వేశాయి. తెల్లటి పెంకులు ఇసకంతా, చింపిన కాగితాల్లా. అడుగున మిగిలిన ముప్ఫై ఒక్క గుడ్లని అతనే తెచ్చి పాతాడు. మా అమ్మాయి నోటుబుక్కు తీసి, 'కుక్కలు. మిగిలినవి 31' అని రాసి మూసేసింది. నావైపు చూడలేదు. చూసి రెండు మాటలన్నా బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తర్వాత నేను సెలవులనీ శనివారమనీ చూడలేదు. దారిలో ఆమె ఎన్నో సంగతులు చెప్పేది. ఒడిశాలో గహిర్మాత, ఋషికుల్య తీరాల్లో కొన్ని సంవత్సరాలు లక్షలకొద్దీ తాబేళ్ళు ఒక్కసారిగా ఒడ్డెక్కుతాయిట. 2021లో అక్కడ నంబరు బిళ్ళ తగిలించిన తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనబడింది. మూడున్నర వేల కిలోమీటర్ల ప్రయాణం! విజయనగరం నుంచి ఉత్తరం రావడానికే ఇన్నాళ్ళు పడుతోందేమని నేననలేదు. ఒడ్డున చచ్చిపడిన పెద్ద తాబేళ్ళూ కనిపించేవి. గాలి పీల్చే ప్రాణి, ట్రాలరు వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక పోతుంది. వాటినీ కొలిచి రాసుకునేది.

ఫాల్గుణం చివర ఒక తెల్లవారుజామున ఆ ముప్ఫై ఒకటిలో పంతొమ్మిది పిల్లలు బయటికొచ్చాయి. అగ్గిపెట్టె పాటి లేవు. నీళ్ళకి కొంచెం ఇవతల వదిలిపెట్టారు. ఒకటి నా కాలిపిక్కంత గుంటలో పడి వెల్లకిలా తన్నుకుంటోంది. వంగాను.

"మావయ్యా, ముట్టుకోకు. అదే లేస్తుంది."

లేచింది. అయితే లేచినది సముద్రంవైపు గాక భీమిలి రోడ్డువైపు తిరిగింది. వెలుతురెటుంటే అటు పోతాయి పిచ్చి ప్రాణాలు. వెనకటికి చీకట్లో వెలిగేది సముద్రం ఒక్కటే; ఇప్పుడు వీధిదీపాలున్నాయి. "మావయ్యా, నీ శాలువా చాపి దీపాలకి అడ్డం నిలబడు" అంది. నిలబడ్డాను. సన్మానసభలో కప్పిన శాలువా అది. ఇన్నాళ్ళకి పనికొచ్చింది. పంతొమ్మిదోది అల అందుకునేసరికి రెండు చేతులూ పీకేశాయి.

ఇంటికొచ్చేసరికి చెల్లెలు గుమ్మంలోనే ఉంది. అనకాపల్లి నుంచి మరో సంబంధమట, వచ్చే ఆదివారం వస్తారట.

"ఆదివారం కుదరదు. ఇరవైరెండో గుంట ఆవేళే" అన్నాను, మఫ్లరు విప్పుతూ.