పాలమూరు పొదుపు లెక్క

రోజుకో రూపాయి దాస్తే ఏమొస్తుంది? పదిమంది దాస్తే ఏడాదికి 3,650 వస్తాయి. 1990లలో ‘పొదుపులక్ష్మి’ పథకం ఊరూరా నేర్పిన లెక్క ఇదే. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం పేదరికంపై పనికి ఎంచుకున్న మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ (పాలమూరు) ఒకటి. కర్నూలు, అనంతపురం తక్కినవి. అక్కడి మహిళా సంఘాల అనుభవమే 2000లో వచ్చిన ‘వెలుగు’ పథకానికి దారి చూపింది.

వలస కూలీల జిల్లా పాలమూరులో ఆ రూపాయి విలువ వడ్డీ దగ్గర తెలుస్తుంది. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. పదివేల అప్పుకు 3,600 పోతాయి. అదే సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే పోయేది 1,200. మిగిలిన 2,400 కొత్తగా సంపాదించినట్టే.

మేకో, బర్రో కొనడం ఆ తర్వాతి మాట. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లే కళ్లబడే ఇంట్లో పాలబిల్లు సంసారాన్ని నిలబెడుతుంది. కానీ బర్రె ఒట్టిపోయిన నెలల్లో పాలుండవు, దాణా ఖర్చు ఆగదు. కాబట్టి బర్రె ధరలో సగమైనా సొంత పొదుపుగా ఉండాలి. మొత్తం అప్పుతో కొంటే, పాలున్నా లేకున్నా వారంవారం కిస్తీ గడప తొక్కుతుంది. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది సూక్ష్మరుణ సంస్థల అలాంటి వసూళ్లను కట్టడి చేయడానికే.