పేరు వీపు మీద, మనిషి వంటింట్లో

"ఇంట్లో అంత పెద్ద టీవీ పెట్టుకుని ఆడవాళ్ళకి స్టేడియం దేనికండీ?"

పోయిన అక్టోబరులో మేం మ్యాచికి బయల్దేరుతుంటే మా పక్కింటాయన అన్న మాట ఇది. నవ్వుతూనే అన్నారు. అందుకే మరీ మండింది. కోపంగా అని ఉంటే కనీసం దెబ్బలాడేదాన్ని. ఆటో వచ్చేయడంతో అప్పుడు చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతాను.

1988 డిసెంబరు 10న మన విశాఖలో ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో న్యూజిలాండుతో వన్డే జరిగింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నాన్నగారు అన్నయ్యని స్కూటరెక్కించుకుని వెళ్ళారు. నేనూ వస్తానని గుమ్మం పట్టుకుని ఏడిస్తే, "ఆ జనంలో ఆడపిల్లవి, నువ్వెక్కడికే" అంది అమ్మ. ఆ రోజు శ్రీకాంత్ 70 పరుగులు కొట్టి, అది చాలనట్టు బంతి అందుకుని 5 వికెట్లు తీశాడు. బ్యాటుకి పేరున్న మనిషి బంతితో చేసిన ఆ వింతని అన్నయ్య ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతాడు. తిరిగొచ్చేటప్పుడు స్కూటరు మీద నిద్రపోయాడట, అదీ చెబుతాడు. వాడు చూశాడు, నేను విన్నాను. తేడా అంతే, కానీ ముప్ఫై ఏడేళ్ళుగా అరగని తేడా.

ఇక 2016 అక్టోబరు 29. మధురవాడ దగ్గర స్టేడియంలో మళ్ళీ న్యూజిలాండే. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ మ్యాచిలో మనవాళ్ళు తమ అమ్మల పేర్లున్న చొక్కాలు వేసుకుని దిగారు. ధోనీ వీపు మీద దేవకి, కోహ్లీ వీపు మీద సరోజ్. దేశమంతా కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, పిండి చేత్తో. ఎందుకంటే ఆ రోజు నరక చతుర్దశి. మావారూ మా అబ్బాయీ స్టేడియంలో ఉన్నారు. నేనూ ఎనిమిదేళ్ళ మా అమ్మాయీ కజ్జికాయలు చేస్తున్నాం. పొద్దున అది "నేనూ వెళ్తానమ్మా" అంటే నేనేమన్నానో ఊహించండి. అక్షరం పొల్లుపోకుండా మా అమ్మ మాటే.

బీఏలో తెలుగు చదివినదాన్ని, నాకు ఆ రోజే తట్టాల్సింది. నరక చతుర్దశి అంటే ఎవరి పండగ? విల్లు పట్టి యుద్ధరంగంలో నిలబడిన సత్యభామది. పోతన గారు ఆవిడ యుద్ధాన్ని ఎంత మురిసిపోతూ రాశారో చదివినవాళ్ళకి తెలుసు. ఇంట్లో కూర్చుని కృష్ణుడొచ్చాక కబుర్లు వినలేదు ఆ తల్లి. అలాంటి రోజున మన ఇళ్ళలో అమ్మల పేర్లు మైదానంలో తిరిగాయి, అమ్మలు మూకుడు ముందు ఉండిపోయారు. న్యూజిలాండు 79కే కూలిపోయింది. నాకు రెండో వాయి మాడింది.

"మీకు ఆసక్తి ఉండదు కదా" అంటారు. మా అత్తయ్యగారికి డెబ్భై నాలుగు. బై పరుగుకీ లెగ్‌బైకీ తేడా మావారికి చెప్పేది ఆవిడే. ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్క స్టేడియం గడప తొక్కలేదు. ఆసక్తి లేక కాదు, మోకాళ్ళ నొప్పులూ కాదు, అవి నిన్నమొన్నటివి. రమ్మని ఎవరూ అడగలేదు. అడిగినా "నువ్వూ వస్తావా ఏమిటి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు "రాను" అని అందులోనే ఉంటుంది.

ఇంకోటి, పైకి చెప్పుకోనిది. ఒక మైదానంలో, ఊరూ పేరూ ఎందుకులెండి, ఆడవాళ్ళ బాత్రూం తలుపుకి గడియ లేదు. ఒకరు లోపలికెళ్తే ఒకరం కాపలా. అందుకే మనవాళ్ళు పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా బయల్దేరతారు. మగవాళ్ళకి మ్యాచి ఏడు గంటలు. మనకి అది ఏడు గంటల ఉపవాసం.

2025లో మహిళల ప్రపంచ కప్పు మన ఊరొచ్చింది. అక్టోబరు 9న, గురువారం, దక్షిణాఫ్రికాతో ఆట. ఇంటరు చదివే మా అమ్మాయి అడిగితే "కాలేజీ ఉందిగా" అన్నాను. అది ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడమే నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఆదివారం ఆస్ట్రేలియాతో ఆటకి ముగ్గురం, అత్తయ్యగారితో సహా, బయల్దేరాం. మావారికి బి షిఫ్టు. కనిష్ఠ ధర 100 రూపాయలని ప్రకటించిన కప్పు అది, టికెట్ల గురించి బెంగ లేదు. కానీ గాజువాక నుంచి మధురవాడ అంటే ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి. రాత్రి తిరుగు ప్రయాణం గురించి మూడు రోజులు ఆలోచించి, తెలిసిన ఆటో అబ్బాయిని రానూపోనూ మాట్లాడుకున్నాం. ఆటోకిచ్చింది టికెట్ల మీద ఎన్నో రెట్లు. "ఏటండీ, ముసలావిడ్ని కూడా తీసుకెల్తన్నారేటి?" అన్నాడతను. అత్తయ్యగారే ముందు ఎక్కి కూర్చున్నారు.

ఆ రోజే అక్కడ స్టాండ్లకి మిథాలీ రాజ్ పేరూ, మన రావి కల్పన పేరూ పెట్టారు. ఆటో నడిపే తండ్రి కూతురు కల్పన, దేశానికి వికెట్ కీపింగు చేసింది. స్మృతి మంధాన ఈ మాట ఎత్తబట్టే జరిగిందని పేపర్లో చదివాను. సంతోషమే, కాదనను. కానీ చొక్కా మీద పేరుకి తొమ్మిదేళ్ళ క్రితం ఒకసారి కళ్ళు తుడుచుకున్నదాన్ని. ఈసారి పేరుకి చప్పట్లు కొట్టి ఊరుకోను. కల్పన స్టాండులో ఆడవాళ్ళ బాత్రూంకి గడియ ఉండాలి, నీళ్ళుండాలి. ఆట ముగిశాక గాజువాకకీ పెందుర్తికీ బస్సు ఉండాలి. ఆదివారం రాత్రి వంట గురించి ఇంట్లో ఎవరూ నన్ను అడగకూడదు. మొదటి మూడూ ప్రభుత్వాన్ని అడగొచ్చు. నాలుగోది ఎవర్నడగాలో మీకు తెలుసు.

మనం 330 కొట్టాం. సరిపోతుందనుకున్నాం. హీలీ 142 కొట్టి లాక్కుపోయింది. మా అమ్మాయి గొంతు పోయింది, రెండు రోజులు సైగలే. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్తయ్యగారు నా భుజం మీద నిద్రపోయారు. ఎన్ఏడీ దాటాక లేచి, "తర్వాతి మ్యాచి ఎప్పుడే?" అన్నారు.