పాత స్పీకర్లని ఎద్దుల్ని కొన్నట్టు కొనాలి

పోయిన వారం మా ఇంట్లో పాటలు వినే స్పీకర్ డబ్బాల ఫొటో పెట్టినకాడ్నుంచి ఫోన్లు ఆగట్లేదు. ఎక్కడ దొరికినయ్, ఎంతయింది, మాకూ ఒక జత చూసిపెట్టు బాబాయ్ అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే నా అభిప్రాయం ఇక్కడ ఒకేసారి రాస్తున్నా. పొడుగ్గా ఉంటది, అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

ముందే సూటిగా చెప్తా. మిర్చి డబ్బులు చేతికి రాగానే టౌనుకెళ్ళి, కొంత కట్టి మిగతాది కంతుల మీద పెట్టి, రంగురంగుల లైట్లు వెలిగే నిలువెత్తు పార్టీ డబ్బా తెచ్చుకోవడం దండగ ఖర్చు. అందులో మూడో వంతు డబ్బుతో పాత స్టీరియో స్పీకర్ల జత, దానికి తగ్గ పాత యాంప్లిఫయర్ కొనుక్కుంటే అంతకంటే మంచి పాట ఇంట్లో వినొచ్చు. నేను 6,500 పెట్టి డబ్బాల జత తెచ్చా, యాంప్లిఫయర్‌కి ఇంకో 4,000. నాలుగేళ్ళయింది, కంతు లేదు, బాకీ లేదు. అయితే పాతది కొనడం కొంచెం చేతకావాలి. అది తెలియక మనవాళ్ళు కొంతమంది మోసపోయి, పాతవన్నీ ఇంతే అని మళ్ళీ ఆ లైట్ల డబ్బా దగ్గరికే పోతున్నారు. నా బాధ అది.

అసలు మనం ఇంట్లో వినేదేంటో ఒక్కసారి ఆలోచించండి. పొద్దున్నే ఘంటసాల భగవద్గీత. సాయంత్రం పాత సినిమా పాటలు. పెద్దాళ్ళున్న ఇంట్లో డి.వి.సుబ్బారావు గారి హరిశ్చంద్ర పద్యాలు, పీసపాటి వారి కృష్ణుడి పద్యాలు, షణ్ముఖి ఆంజనేయరాజు గారి పద్యాలు. ఇవన్నీ గొంతు మీద నడిచేవి. గొంతు ఉండేది మరీ లావు శబ్దంలోనూ కాదు, మరీ సన్న శబ్దంలోనూ కాదు, ఎక్కువ భాగం మధ్యలో. పార్టీ డబ్బా తయారు చేసేది పది మంది ఎగరడానికి. దాంట్లో కింద దబదబ, పైన చిస్ చిస్ పెంచి పెడతారు, మధ్యలో ఉన్న గొంతు మునిగిపోద్ది. మా నాయనకి 80 దాటినయ్. వయసు మీద పడితే చెవికి ముందుగా అందకుండా పోయేది సన్న శబ్దాలే. స, శ, త, చ లాంటి అక్షరాల అంచులు సరిగ్గా వినపడవు. అలాంటి మనిషికి దబదబ పెంచితే పద్యం ఏం తెలుస్తది? సౌండు పెంచు అంటాడు, పెంచితే తలనొప్పి అంటాడు. ఇప్పుడు పాత డబ్బాల్లో తక్కువ సౌండులోనే పద్యం చివర రాగం దాకా విని, తప్పులు కూడా చెప్తున్నాడు.

ఇక వాట్ల సంగతి. కొత్త డబ్బా అట్ట మీద 2,000 వాట్లు, 5,000 వాట్లు అని ఇంతింత అక్షరాలతో వేస్తారు. పక్కన పీఎంపీఓ అని చిన్నగా ఉంటది. మనం మోటార్లు తిప్పే వాళ్ళం, మనకి ఈ లెక్క ఒకళ్ళు చెప్పాలా? 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. 2,000 వాట్లంటే రెండున్నర హెచ్‌పీ పైమాటే. అంత మోటారుని ఆ దారప్పోగు లాంటి వైరు మీద ఎవరన్నా తిప్పుతారా? డబ్బా వెనక్కి తిప్పి స్టిక్కర్ చూడండి. తీసుకునే కరెంటు 60 వాట్లో 100 వాట్లో రాసి ఉంటది. 60 వాట్లు తాగేది నిలకడగా 2,000 వాట్లు ఎట్లా కక్కుద్ది? ఆర్ఎంఎస్ అని రాసిందే నిజమైన లెక్క. ఇంట్లో మామూలుగా పాట వినడానికి అదీ అయిదు వాట్లు దాటదు. డబ్బాకి ఎంత బలం పట్టుద్ది అనే దానికంటే, ఇచ్చిన కొంచెం బలానికి ఎంత పలుకుద్ది అనేది ముఖ్యం. పాత డబ్బాల వెనక 87 డీబీ, 90 డీబీ అని రాసి ఉంటే అది ఆ లెక్కే. మూడు డీబీ ఎక్కువ ఉన్న డబ్బా సగం బలంతోనే అదే సౌండు ఇస్తది.

పేరు సంగతి కూడా చెప్పాలి. మన దేశంలోనే మంచివి తయారైనయ్. సోనోడైన్ కలకత్తాలో 1970లో పెట్టిన కంపెనీ. ఫిలిప్స్, కాస్మిక్ పాతవి ఇంకా ఇళ్ళల్లో ఉన్నయ్. విదేశీ పేర్లు యమహా, వార్ఫ్‌డేల్, జేబీఎల్ కూడా దొరుకుతయ్. కానీ పేరు చూసి ఎగబడొద్దు. యమహా ఎన్ఎస్-10 అని తెల్ల కోనుతో ఒక డబ్బా ఉంది. 1978లో వచ్చింది, 2001లో ఆపేశారు. పాటలు రికార్డు చేసే స్టూడియోల్లో దేశదేశాల వాళ్ళు వాడారు, అందుకని ఇప్పుడు దాని కోసం మోజుపడి ఎంతైనా పెట్టేవాళ్ళున్నారు. స్టూడియోలో అది పెట్టుకునేది పాటలో తప్పులు పట్టుకోవడానికి. మనకి చెవికి ఇంపుగా ఉండాలి గానీ తప్పులు ఎంచే డబ్బా ఎందుకు? పేరున్న జత పాడైంది కొనేకంటే పేరులేని జత బాగున్నది కొనడం నయం.

దొరికే చోట్లు: హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, ఎర్రగడ్డ ఆదివారం సంత. ఫోన్లో ఓఎల్ఎక్స్. వీటన్నిటికంటే నా లెక్కలో మంచిది, టౌనుల్లో ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు. పిల్లలు అమెరికా పోయి, పెద్దాళ్ళు అపార్టుమెంటుకి మారేటప్పుడు ముందు బయటపడేది ఈ డబ్బాలే. ఒకే ఇంట్లో, ఒకే చేతి కింద ఉన్న సరుకు. సంతలో సరుకు ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదు. ఇంకో మాట, ఊళ్ళల్లో టాకీసులు మూతపడుతున్నయ్ కదా, ఆ స్పీకర్లు చవగ్గా వస్తున్నాయని ఒకతను అడిగాడు. అవి ఐదారొందల మందికి వినపడేట్టు కట్టినవి. పది అడుగుల గదిలో పెడితే మీరు బయట అరుగు మీద కూర్చోవాలి.

ఇప్పుడు అసలు విషయం. ఎద్దుని కొనేటప్పుడు ఏం చేస్తాం? పళ్ళు చూస్తాం, గిట్ట చూస్తాం, నడిపిస్తాం, బండికి కట్టి చూస్తాం. రంగు చూసి డబ్బులివ్వం. ఇదీ అంతే.

ముందున్న గుడ్డ తీయించండి. తీయనంటే వచ్చేయండి, ఇంక మాట్లాడేది లేదు. పెద్ద స్పీకర్ కోను చుట్టూ మెత్తటి అంచు ఉంటది. ఆ అంచు ఫోముదైతే వేలితో మెల్లగా తాకండి. మన ఎండలకి, చెమ్మకి ఫోము పది ఇరవై ఏళ్ళలో పొడైపోద్ది, తాకితే బెల్లం పొడిలా రాలుద్ది. రబ్బరు అంచు అంతకంటే చాలా కాలం ఉంటది, గుడ్డ అంచు ఇంకా గట్టిది. ఫోము పోయినంత మాత్రాన డబ్బా పనికిరానిది కాదు. అంచు కొత్తది వేస్తారు. కాకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగాలి, వేయిస్తే రెండు డబ్బాలకీ ఒకేసారి, ఒకే రకంది వేయించాలి. ఒక ఎద్దు పొట్టి ఒక ఎద్దు పొడుగు అయితే కాడి ఎట్లా ఉంటదో తెలుసుగా.

తర్వాత రెండు చేతుల వేళ్ళూ కోను మీద సమంగా ఆనించి, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. మెత్తగా పోయి మెత్తగా రావాలి. గరగర అని గీసుకున్న శబ్దం వస్తే లోపల కాయిల్ పక్కకి జరిగిందో కాలిందో అన్నమాట. కాయిల్ చుట్టే వాళ్ళున్నారు, మైకుసెట్ల వాళ్ళకి చేసేది వాళ్ళే. మోటారు రీవైండింగ్ లాంటిదే ఇదీ, చేసేవాడిని బట్టి ఉంటది. తప్పుడు కోను వేశాడంటే డబ్బా పలికే తీరే మారిపోద్ది. కాబట్టి కాయిల్ పోయిన జత జోలికి పోకపోవడమే మంచిది.

స్టార్టరు చూసుకునే మీటరు మన అందరి దగ్గరా ఉంటది, అది జేబులో వేసుకెళ్ళండి. ఓమ్స్‌లో పెట్టి డబ్బా వెనక రెండు పిన్నుల మీద ఆనించండి. 8 ఓమ్స్ డబ్బా అయితే ఐదున్నర నుంచి ఏడు లోపు చూపించాలి, 4 ఓమ్స్‌ది అయితే మూడు, మూడున్నర. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగిందో, లోపల వైరు ఊడిందో. రెండు డబ్బాలూ దగ్గర దగ్గరగా చూపించాలి. మీటరు లేకపోతే ఒక పెన్సిల్ సెల్లు, రెండు వైరు ముక్కలు చాలు. ఒక్క క్షణం తాకిస్తే పెద్ద కోను టక్కున కదలాలి. ఎక్కువసేపు పట్టుకోవద్దు. ఈ రెండు పరీక్షలూ పెద్ద స్పీకర్‌కే. పైనున్న చిన్న స్పీకర్, ట్వీటర్ అంటారు, దానికి ముందు కెపాసిటర్ ఉంటది కాబట్టి ఇవి దాని సంగతి చెప్పవు. దానికి పాట పెట్టి చెవి దగ్గర పెట్టి వినాల్సిందే. మన పంపుసెట్టు కెపాసిటర్ లాగానే ఇందులోవీ ఏళ్ళ మీద బలం తగ్గుతయ్. ఒక డబ్బాలో సన్న శబ్దం మందంగా ఉంటే ఎక్కువగా అదే కారణం. మార్చడం పెద్ద పని కాదు, ఖర్చూ తక్కువే.

డబ్బా చెక్క చూడండి. చాలా వాటికి పొట్టుచెక్క వాడతారు, తడి తగిలితే అడుగున ఉబ్బి పగులుద్ది. చెద పట్టిందేమో వేలితో కొట్టి చూడండి, డొల్ల శబ్దం తెలిసిపోద్ది.

చివరికి పాట పెట్టించండి. అమ్మేవాడి పాట కాదు, మీ ఫోన్లోది, మీరు వందసార్లు విన్నది. బేస్, ట్రెబుల్ రెండు ముళ్ళూ మధ్యలో పెట్టమనండి. సౌండు తక్కువలో వినండి, అమ్మేవాడు పెంచుతూనే ఉంటాడు, మీరు తగ్గిస్తూనే ఉండండి. బ్యాలెన్స్ ముల్లు తిప్పి ఒక్కో డబ్బా విడిగా వినండి. బరువు చూసి మురిసిపోవద్దు. లోపల సిమెంటు ముక్కలు అంటించి బరువు పెంచినవీ ఉన్నయ్. ముందు నాలుగు స్పీకర్లు కనపడినా రెండే పలికేవీ ఉన్నయ్, మిగతావి బొమ్మలు.

యాంప్లిఫయర్ దగ్గర ఒక్కటే చూసుకోండి. దాని వెనక 8 ఓమ్స్ అని మాత్రమే ఉంటే 4 ఓమ్స్ డబ్బాలు తగిలించొద్దు, వేడెక్కి చస్తది. పెద్ద యాంప్లిఫయర్ ఉంటేనే స్పీకర్లు కాల్తయ్ అనుకుంటారు. చిన్నదాన్ని చివరంటా తిప్పినా కాల్తయ్. గొంతు చించుకుని అరిచినట్టు ఆ పగిలిన శబ్దం ముందు ట్వీటర్‌నే తినేస్తది.

ఇంటికి తెచ్చాక చాలామంది చేసే పని, ఒక డబ్బా బీరువా మీద, ఒకటి కిటికీలో. ఇంకేం పాట వస్తది? రెండూ ఒకే ఎత్తులో, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి ట్వీటర్ వచ్చేట్టు పెట్టండి. స్టూలు లేకపోతే ఇటుకలు పేర్చండి, మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేయండి. రెండు డబ్బాల మధ్య ఎంత దూరమో మీరూ వాటికి అంత దూరంలో కూర్చోండి. గోడకి ఒక అడుగన్నా ఎడం ఉండాలి, మూలకి నెడితే దబదబ ఎక్కువైపోద్ది. వైరు ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. ఒక డబ్బాకి తిరగేసి పెట్టారంటే లావు శబ్దం మాయమైపోద్ది, గొంతు ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. అనుమానం ఉంటే ఒక డబ్బా వైర్లు మార్చి వినండి, ఎట్లా పెడితే నిండుగా ఉంటే అదే కరెక్టు. అంతా సరిగ్గా కుదిరితే మధ్యలో డబ్బా లేని చోట మనిషి నిలబడి పాడినట్టు ఉంటది.

గది కూడా సగం డబ్బా లాంటిదే. వెనకటి పెంకుటింట్లో పాట కమ్మగా ఉండేది. ఇప్పుడు స్లాబు, టైల్సు, నున్నటి గోడలు. చప్పట్లు కొట్టి చూడండి, మోగుద్ది. అట్లాంటి గదిలో లక్ష రూపాయల స్పీకర్లు పెట్టినా గోలే. నులక మంచం మీద పరుపు, గోడకి ఒక దుప్పటి, కింద చాప, మూల నాలుగు పత్తి బోరేలు ఉన్నా సరే, శబ్దం నెమ్మదిస్తది. మా ఇంట్లో పత్తి అమ్మేసిన రోజు పాట మారిపోద్ది, నవ్వుకోండి గానీ నిజం.

ఇక మన ఊళ్ళ బాధలు. డబ్బాకి గాలి బొక్క ఉంటే ఎలుక దూరి కాపురం పెడుతుంది, దోమల జాలీ ముక్క లోపలి నుంచి బిగించండి. మట్టి నేల మీద పెట్టొద్దు, చెద. ఉరుములు మొదలవగానే ప్లగ్గు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. వోల్టేజీ ఊగే ఇళ్ళల్లో టీవీకి పెట్టిన స్టెబిలైజర్ మీదే దీన్నీ పెట్టుకోండి.

ఎవరికైనా ఒక జత కుదిరితే, డబ్బులిచ్చే ముందు గుడ్డ తీసి కోను ఫొటో, వెనక స్టిక్కర్ ఫొటో ఇక్కడ కింద పెట్టండి, నాకు తెలిసింది చెప్తా. మన మండలం లోపలైతే మీటరు తీసుకుని నేనే వస్తా, ఆదివారం తప్ప. ఆదివారం మిరపకి మందు కొట్టే పని ఉంది.