ఈవీకి వెడల్పు టైర్లు వేయిస్తున్నారా? లుక్ సరే.. రేంజ్ సంగతేంటి?

వేంపల్లె: ఎలక్ట్రిక్ కారు కొన్న కొద్దిరోజులకే చాలామందికి వచ్చే ఆలోచన.. కంపెనీ టైర్లు తీసేసి వెడల్పాటి టైర్లు, పెద్ద అలాయ్ వీల్స్ వేయించడం. చూడ్డానికి బాగుంటుంది. కానీ వేంపల్లె నుంచి కడప, పులివెందుల, ప్రొద్దుటూరుకు రోజూ తిరిగేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి.

టైర్లు ఎంత కరెంటు తింటాయి?
టైరు దొర్లేటప్పుడు నలిగి, మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది. ఇందులో కొంత శక్తి వేడిగా పోతుంది. దీన్నే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. 1,500 కిలోల కారుకు ఈ గుణకం 0.010 ఉంటే, 100 కి.మీ.కు దాదాపు 4 యూనిట్లు దీనికే ఖర్చవుతాయి. 0.008 ఉంటే 3.3 యూనిట్లు చాలు.

తప్పంతా వెడల్పుదేనా?
కాదు. రబ్బరు మిశ్రమం, టైరు నిర్మాణం, గాలి కూడా ముఖ్యమే. మంచి వెడల్పు టైరు కంటే నాసిరకం సన్న టైరే ఎక్కువ కరెంటు తినొచ్చు. అయితే వెడల్పు పెరిగితే ఎదురుగాలి ఎక్కువ తగులుతుంది, బరువూ పెరుగుతుంది. 50 కి.మీ. వేగంతో పోలిస్తే 100 దగ్గర గాలి నిరోధం నాలుగింతలు. అందుకే ఊళ్లో తెలియని తేడా హైవే మీద బయటపడుతుంది.

టెస్లా మోడల్ ఎస్ లాంగ్ రేంజ్‌నే తీసుకోండి. అమెరికా అధికారిక లెక్కల్లో 19 అంగుళాల చక్రాలతో 405 మైళ్లు, 21 అంగుళాలతో 375 మైళ్లు. అంటే 7 శాతానికి పైగా కోత! ఇదే లెక్కన 200 కి.మీ. వెళ్లే కారుకు దాదాపు 15 కి.మీ. పోయినట్టే. ఛార్జింగ్ చివర్లో ఉన్నప్పుడు ఇల్లు చేరడానికి ఆ 15 కిలోమీటర్లే దిక్కు కావచ్చు. బీఎండబ్ల్యూ ఐ3కి 155 ఎంఎం సన్నటి టైర్లను 19 అంగుళాల చక్రాలకు వేసింది కూడా రేంజ్ కోసమే.

మరి ఏం చేయాలి?
* కంపెనీ చెప్పిన సైజునే వాడండి. టియాగో ఈవీకి 175/65 ఆర్14, నెక్సాన్ ఈవీకి 215/60 ఆర్16.
* రేంజ్ కోసం అంతకంటే సన్నవి వేయొద్దు. బ్యాటరీతో ఈవీ బరువెక్కువ. టైరు ఆ లోడ్ మోయాలి, తడి రోడ్డుపై బ్రేక్ పట్టాలి.
* కొత్త టైర్లు కొనేటప్పుడు బీఈఈ స్టార్ లేబుల్ ఉందేమో చూడండి. స్టార్లు ఎక్కువుంటే రోలింగ్ రెసిస్టెన్స్ తక్కువ.
* గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించండి. ఎండలో తిరిగాక చూస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీయించేస్తే రేంజ్ తగ్గుతుంది, టైరూ త్వరగా అరుగుతుంది.